మిగిలిన ఎనిమిది పేర్లు

పెట్టె మూత పడటం లేదు.

మా అమ్మాయి దాని మీద కూర్చుంది. పడలేదు. లేచి, పైనున్న దుప్పటి ఒకటి తీసి పక్కన పడేసి మళ్ళీ కూర్చుంది. అయినా రెండు వేళ్ళ సందు అలాగే ఉంది.

"అమ్మా, మీ ఆయన్ని వచ్చి దీని మీద కూర్చోమను. బరువైనా పనికొస్తుంది. నోరు ఎలాగూ మనకి పనికి రాలేదు."

నేను గుమ్మంలోనే ఉన్నాను. నాకూ దానికీ మధ్య నాలుగడుగుల దూరం కూడా లేదు. అయినా తొమ్మిది రోజులుగా అమ్మాయి మాటలన్నీ నాకు మా ఆవిడ మీదుగానే అందుతున్నాయి.

"విన్నావా?" అని వంటగదిలోంచి మా ఆవిడ.

"ఊఁ."

"ఊఁ అంటున్నాడే," అని కబురు తిరిగి పంపింది.

"వినపడింది. ఆ ఊఁ ఏదో స్లాబు రోజున అని ఊరుకుంటే ఈ పెట్టె సర్దే పని తప్పేది."

అది నిజమే.

ఈ దేశం కాని దేశంలో ఇరవై ఏడుగురు దిక్కులేని పిల్లలకి ఇల్లు కట్టించాలని మా అల్లుడుగారు పాస్టరుగా వచ్చారు. కట్టడానికి నమ్మకమైన మేస్త్రీ కావాలని నన్ను పిలిపించారు. పిల్లలకి వండిపెట్టడానికి మా ఆవిడ వచ్చింది. పునాది దగ్గర నుంచి గోడలు లేచేదాకా మామా అల్లుళ్ళం ఒక్కరోజు కూడా మాటా మాటా అనుకోలేదు. నేను ఎవరితోనూ అనుకోను లెండి, అది వేరే సంగతి.

పిల్లలు పడుకునే పెద్ద గదికి స్లాబు వేసే రోజు వచ్చింది. మిక్సరు లేదు. ఇసుక, కంకర, సిమెంటు పారలతోనే కలిపి నీళ్ళు పోశాం. చుట్టుపక్కల నుంచి సాయానికి వచ్చిన అరవై మంది తట్టలు పట్టుకుని నిచ్చెన దాకా వరసగా నిలబడ్డారు. అప్పుడు అల్లుడుగారు చేతులెత్తి ప్రార్థన మొదలుపెట్టారు.

నా పొరపాటు అక్కడే ఉంది. నీళ్ళు పోయక ముందే ప్రార్థన చేయించాలి. పునాది రోజున మూడు నిమిషాల్లో ముగించారు కదా, ఇప్పుడూ అంతే అనుకున్నాను. కానీ పునాదికి దుబాసీ లేడు, స్లాబు నాటికి ఉన్నాడు. అల్లుడుగారు మన మాటలో ఒకటి అంటే, అతను వాళ్ళ మాటలో నాలుగు అంటాడు. మంచి మనిషి. మంచి గొంతు కూడా. అరవై మంది కళ్ళు మూసుకుని బుద్ధిగా వింటుంటే అలాంటి గొంతును ఆపేదెవరు?

అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను ఒకటే మూశాను. రెండోది కాంక్రీటు మీద ఉంచాను.

ఎండ దంచేస్తోంది. చూస్తుండగానే కుప్ప మీద తడి మెరుపు తగ్గింది. తాపీ గుచ్చి చూశాను, దిగింది. కాసేపాగి గుచ్చాను, దిగడానికి బెట్టు చేసింది. మళ్ళీ నీళ్ళు పోసి కలపొచ్చు, చాలామంది అదే చేస్తారు. అలా వేసిన స్లాబు కింద నేను కుక్కని కూడా పడుకోనివ్వను. అల్లుడుగారేమో ఎవరివో పేర్లు చదువుతున్నారు. ఒక పేరు, దుబాసీ. ఇంకో పేరు, దుబాసీ. విరాళాలిచ్చిన పెద్దమనుషులు కాబోలు అనుకున్నాను.

గుండెల నిండా గాలి పీల్చి, "ఆమేన్!" అన్నాను.

అరవై మందీ ఆమేన్ అన్నారు. కళ్ళు తెరిచారు. తట్టలు లేచాయి. అల్లుడుగారి చేతులు మాత్రం చాలాసేపు గాలిలోనే ఉండిపోయాయి.

స్లాబు అద్దంలా వచ్చింది. ఇల్లే ఇలా తయారైంది.

దానికి తోడు పిల్లలు దాన్ని ఆట చేసుకున్నారు. వాళ్ళకి అమ్మాయి చెప్పే లెక్కల పాఠం కాస్త సాగదీస్తే వెనక బల్లలోంచి "ఆమేన్!" దుబాసీ నోరు తెరిస్తే ఆమేన్. మా ఆవిడ నన్ను తిడుతుంటే కూడా ఒకడు ఆమేన్ అన్నాడు. వాడికి నేను చాటుగా బిస్కెట్టు ఇచ్చాను, అబద్ధం ఎందుకు?

కానీ ఒక సాయంత్రం అల్లుడుగారు "తండ్రీ" అన్నారో లేదో, ముందు వరసలోంచి ఎవరో ఆమేన్ అనేశారు. ఆయన పుస్తకం మూసి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయారు. మర్నాడు మా సంఘం పెద్దకి ఫోన్ చేసి, నన్ను ఇక్కణ్ణించి మార్చండి అన్నారు. ఆవిడని మేమంతా పెద్దమ్మగారు అంటాం. రేపు ఆవిడే స్వయంగా వస్తున్నారు.

అందుకే ఈ పెట్టె.

"రేపు కదే వచ్చేది, ఇవాళే సర్దడం దేనికి?" అంటూ మా ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"ఆయన సర్దమన్నారు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? పొద్దున కాఫీ దగ్గర అడిగితే కిటికీలోంచి బయటికి చూశారు. మధ్యాహ్నం అడిగితే గోడకేసి చూశారు. ఈ ఇంట్లో మగవాళ్ళందరికీ ఒకే జబ్బు వచ్చింది." దుప్పటి మళ్ళీ పెట్టెలో కుక్కింది. "మీ ఆయన ఒక్కసారి వెళ్ళి 'బాబూ, తప్పయింది' అంటే చాలు. రెండు మాటలు. ఏడాదికి రెండు మాటలు ఖర్చు పెట్టలేడా మనిషి?"

"మొన్న పెళ్ళిరోజుకి నాకు ఒకటి ఇచ్చాడే," అంది మా ఆవిడ.

"ఏమన్నారు?"

"తిన్నావా అన్నాడు."

అమ్మాయి నవ్వేసింది. నవ్వాక కోపం గుర్తొచ్చి మొహం అటు తిప్పుకుంది. పెట్టె మూత కూడా అప్పుడే పడింది. పడకుండా ఉంటేనే బాగుండేదేమో.

అల్లుడుగారు వెళితే మేమూ వెళ్ళాలి. స్లాబు ఆరేదాకా కింద ఆనించి ఉంచే సెంట్రింగ్ కర్రలు విప్పకుండా నేను ఇంతవరకు ఏ పనీ వదిలి వెళ్ళలేదు.

"మరి పిల్లలు?" అన్నాను.

"అది నన్ను కాదు నాన్నా, ఆయన్ని అడగండి," అంది అమ్మాయి నా మొహంలోకి చూస్తూ. వెంటనే నాలిక్కరుచుకుని తల్లి వైపు తిరిగింది. "అడగమనమ్మా."

"అడుగుతాడులే," అని మా ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి గుమ్మం దాటించింది. "వెళ్ళు. ఊఁ అని మాత్రం రాకు."

అల్లుడుగారు కొత్త ఇంటి వసారాలో కిటికీ చట్రానికి ఉప్పుకాగితం రుద్దుతున్నారు. నన్ను చూసి రుద్దడం పెంచారు. నేను ఇంకో ముక్క తీసుకుని చట్రానికి అవతలి వైపు కూర్చుని రుద్దాను. చాలాసేపు ఇద్దరం రుద్దాం. ఆ చట్రం అంత నునుపు ఆ ఇంట్లో ఇంకోటి ఉండదు.

చివరికి ఆయనే ఆపారు.

"మామయ్యగారూ, ఒకటి అడుగుతాను. దాచకుండా చెప్పండి. నా ప్రార్థన అంత విసుగ్గా ఉంటుందా?"

"లేదు బాబూ."

"మరి?"

"కాంక్రీటు."

"కాంక్రీటేమిటి?"

"బిగుసుకుంటోంది."

ఆయన నా వైపు అలాగే చూశారు. "తొమ్మిది రోజులైంది. ఈ మాట ఇన్నాళ్ళూ చెప్పరేం?"

"మీరు అడగలేదు."

"నేను అలిగాను మామయ్యగారూ! అలిగినవాడు వచ్చి అడుగుతాడా?"

"ఏమో. నేనెప్పుడూ అలగలేదు."

ఆయనకి నవ్వొచ్చింది. ఆపుకున్నారు. ఆ నవ్వు పోయాక మొహం మామూలుగా లేదు.

"కోపం రెండు రోజుల్లోనే పోయింది. నిజం చెబుతున్నాను. మీరు ఆమేన్ అన్నప్పుడు నేనేం చదువుతున్నానో తెలుసా?"

"విరాళాలిచ్చినవాళ్ళ పేర్లు."

"పిల్లల పేర్లు."

నా చేతిలో ఉప్పుకాగితం ఆగిపోయింది. పిల్లల్ని నేను అసలు పేర్లతో పిలవను. అవి నా నోటికి తిరగవు. నేను పెట్టుకున్న పేర్లే నాకు తెలుసు: బుడంకాయ, రేడియో, నిద్రమొహం, ఇలా. ఆ రోజు చెవిలో పడినా ఎవరి పేర్లో తెలిసేది కాదు. తెలుసుకోవాలని చూడనూ లేదు.

"ముందు రోజు వాళ్ళకి మాటిచ్చాను," అన్నారాయన. "మీలో ప్రతి ఒక్కరి పేరూ చెప్పి, ఈ కప్పు కింద ఉంచమని దేవుణ్ణి అడుగుతానని. వీళ్ళ కోసం పేరు పెట్టి ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదటిసారి మామయ్యగారూ. పంతొమ్మిది అయ్యాయి. ఎనిమిది మిగిలాయి."

నేను ఉప్పుకాగితం కింద పెట్టాను.

"ఆ సాయంత్రమే ఎనిమిది మందీ చాపలు చుట్టుకుని, ఇప్పుడు అందరూ పడుకుంటున్న షెడ్డులోనే అవతలి మూలకి వెళ్ళారు. ఎందుకర్రా అంటే, కొత్త ఇల్లు ఆ పంతొమ్మిది మందిదీ, మేం ఈ షెడ్డులోనే ఉండాలి కదా, అలవాటు చేసుకుంటున్నాం అన్నారు. అన్నది ఎవరో తెలుసుగా?"

తెలుసు. సూపరింటెండెంటు.

ఎనిమిదేళ్ళ పిల్ల. మా ఆవిడ వంటగదిలో తిరిగి తిరిగి తెలుగు నేర్చుకుంది. అందుకని దానికి వచ్చిన తెలుగంతా మా ఆవిడ తెలుగే. రోజూ పొద్దున నడుం మీద చెయ్యి పెట్టుకుని పని దగ్గరికి వచ్చి, "ఏమయ్యా, ఇంకా ఇంతేనా?" అని అడిగి పోతుంది. తొమ్మిది రోజులుగా రావడం లేదు. నేనది గమనించాను, కారణం మాత్రం ఆలోచించలేదు.

"ఆమేన్ అని ఆటపట్టించేది ఆ పంతొమ్మిది మందే," అన్నారు అల్లుడుగారు. "ఈ ఎనిమిది మందీ ఒక్కసారి కూడా అనలేదు. ఇప్పుడు మళ్ళీ చెబుదామంటే స్లాబు వేసేశాం, గట్టిపడిపోయింది. అతుకేసినట్టు ఉంటుంది. ఇచ్చిన మాట నిలబెట్టుకోని పాస్టరు వాళ్ళ ఎదురుగా రోజూ ఎలా నిలబడాలి? నా చోటుకి ఇంకెవరైనా వస్తే, ఆయన మీదైనా పిల్లలకి నమ్మకం కుదురుతుంది."

కాంక్రీటు విషయంలో నేను చేసింది సరే. కానీ ఆ రోజు ఒక కన్ను కాంక్రీటుకి ఇచ్చాను, చెవులు ఎవరికీ ఇవ్వలేదు.

"బాబూ, స్లాబు ఇంకా పచ్చిదే."

"ఆఁ?"

"వేసిన రోజున స్లాబు సగమే. తర్వాత పద్నాలుగు రోజులు నీళ్ళు తాగాలి. తాగితేనే లోపల గట్టిపడుతుంది. పైన నడుస్తున్నాం కదా, అయిపోయిందనుకుంటాం. అవలేదు. ఇవాళ్టికి తొమ్మిది. ఇంకా ఐదు రోజులుంది. ఎనిమిది పేర్లే కదా."

ఒకేసారి అంత మాట్లాడింది ఎప్పుడో నాకే గుర్తు లేదు. గొంతు ఆరిపోయింది.

అల్లుడుగారు స్లాబు వైపు చూశారు. "పైకెక్కి చెప్పమంటారా?"

"ఎక్కండి. ఇంకోటి."

"ఏమిటి?"

"తప్పయింది బాబూ. నేను వినలేదు."

ఆయన అనుమానంగా, "అమ్మాయి చెప్పమందా?" అన్నారు.

"రెండు మాటలు చెప్పమంది. మిగిలిన రెండూ నావి."

కాసేపటికి అందరం కొత్త ఇంటి దగ్గరున్నాం. దుబాసీకి మాత్రం మా ఆవిడ చేట నిండా పప్పు పోసి, రాళ్ళు ఏరిపెట్టమని వంటగదిలో కూర్చోబెట్టింది. ఆ పప్పుతోనే ఏదో మాట్లాడుతున్నాడు.

స్లాబు మీద మట్టి గట్లు వేసి, పొలంలో మడుల్లా కట్టి, నీళ్ళు నిలబెట్టాను. రెండేసి రోజులకి ఆరిపోతుంటే మళ్ళీ నింపుతున్నాను. నా వెనక అల్లుడుగారు, ఆయన వెనక ఎనిమిది మందీ తలా ఒక చెంబు పట్టుకుని నిచ్చెన ఎక్కారు. అందరికంటే వెనక సూపరింటెండెంటు ఎక్కింది. మడులన్నీ చుట్టి వచ్చింది.

"ఏమయ్యా, నీళ్ళు తక్కువున్నాయి."

"పోయండి మరి," అన్నాను.

అల్లుడుగారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి నీళ్ళలో నిలబడ్డారు. ఆ పిల్ల ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"మళ్ళీ తాత ఆపేస్తే?"

"ఆపరమ్మా."

"తాతని దించెయ్యి."

"ఉండనీ తల్లీ. గట్టు తెగితే చూడాలిగా."

"అయితే నోరు మూసుకోమను."

"నాకు అదొక్కటే వచ్చు," అన్నాను. కింద మా ఆవిడ పగలబడి నవ్వింది. పంతొమ్మిది మందీ కూడా నవ్వబోయారు. పై నుంచి సూపరింటెండెంటు ఒక్క చూపు చూసేసరికి నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే కళ్ళు మూసుకున్నారు.

అల్లుడుగారు మొదటి పిల్లవాడి తల మీద చెయ్యి పెట్టారు. పేరు చెప్పారు. "తండ్రీ, ఈ బిడ్డకి చీకటంటే భయం. ఈ కప్పు కింద ఆ భయం తీసెయ్యి," అన్నారు. అంతే. వాడు చెంబు వంచాడు. నీళ్ళు మడిలో పడ్డాయి.

రెండో పేరు. మూడో పేరు. ఒకళ్ళకి చదువు అడిగారు. ఇంకొకళ్ళకి మంచి ఆకలి అడిగారు. రేడియో అని నేను పిలిచే పిల్లకి, దాని మాట వినే మనుషుల్ని ఇమ్మని అడిగారు. నిద్రమొహం కంగారులో చెంబెడు నీళ్ళూ తన నెత్తినే పోసుకున్నాడు. అల్లుడుగారు నవ్వుతూనే వాడి పేరు ఇంకోసారి చెప్పారు.

నేను రెండు కళ్ళూ మూసుకుని విన్నాను. ఒక్కో పేరూ పెదాల మీద అనుకుని చూశాను. తిరగని పేర్లే. ఏడోది వచ్చేసరికి నాలిక కాస్త లొంగింది.

అప్పుడే గేటు దగ్గర వ్యాను హారను మోగింది.

రేపు రావలసిన పెద్దమ్మగారు దిగారు. కత్తిరించిన తెల్ల జుట్టు, చేతిలో మగవాళ్ళ గొడుగు. ఆవిడ వెనక ఒక కుర్ర పాస్టరు దిగాడు. భుజం మీద పరుపు చుట్ట, కాళ్ళకి మెరిసే బూట్లు. దిగుతూనే ఇసుకలో మడమ దాకా కూరుకుపోయాడు.

"పాస్టరుగారూ! అక్కడున్నారా?" పెద్దమ్మగారు గొడుగు కిందనుంచే తలెత్తారు. "మీరడిగిన బదిలీ కుదిరింది. మీ చోటుకి ఈయన. అప్పగింతలు తీరిగ్గా చేసుకుంటారని ఒక రోజు ముందే వచ్చేశాం. వ్యాను సాయంత్రం దాకా ఉంటుంది. సామాను సిద్ధమేనా?"

అమ్మాయి మొహం చూడలేకపోయాను.

"తాతా," అని సూపరింటెండెంటు నా చొక్కా లాగింది. "బదిలీ అంటే?"

నోరు మూసుకోమని చెప్పింది తనే. అయినా చెప్పాలి.

"ఇక్కణ్ణించి వెళ్ళిపోవడం."

"ఎవరు?"

నేను అల్లుడుగారి వైపు చూశాను. అది కూడా చూసింది. తర్వాత స్లాబు అంచుకి వెళ్ళి, కిందున్న కొత్త పాస్టరుని తల నుంచి కాళ్ళ దాకా పరీక్షగా చూసింది. బండి మీద వంకాయలు ఏరేటప్పుడు మా ఆవిడ అలాగే చూస్తుంది.

"ఒక్క నిమిషం పెద్దమ్మగారూ," అన్నారు అల్లుడుగారు. గొంతు సవరించుకున్నారు. "ఒక్క పేరు మిగిలింది. చెప్పేసి వస్తాను."

ఆయన కళ్ళు మూసుకున్నారు. చెయ్యి చాపారు. "తండ్రీ, ఈ బిడ్డ..."

సూపరింటెండెంటు చెంబు కింద పెట్టింది. రెండు మడమలూ పైకెత్తి, తడి అరచెయ్యి ఆయన నోటికి అడ్డం పెట్టింది.

"నాది ఇవాళ వద్దు."

"అదేమిటి తల్లీ?"

"రేపు."

"రేపటికి నేను..."

"రేపే. ఐదు రోజులుంది కదా. తాతే చెప్పాడట." అలా అని ఉన్న బట్టలతోనే మడి మధ్యలో నీళ్ళలో చతికిలబడి చేతులు కట్టుకుంది.

మిగిలిన ఏడుగురూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. తర్వాత నిచ్చెన దిగే చోటికి వెళ్ళి, ఒకళ్ళ పక్కన ఒకళ్ళు వరసగా కూర్చున్నారు. వాళ్ళ మధ్య నుంచి పిల్లి కూడా దిగే వీల్లేదు.

"ఏం జరుగుతోంది అక్కడ?" అన్నారు పెద్దమ్మగారు. ఆవిడ గొడుగు నా వైపు తిప్పారు. "మేస్త్రీగారూ, మీరు చెప్పండి."

"ఒక్క పేరు ఉందమ్మా."

"ఎంతసేపు పడుతుంది?"

నేను సూపరింటెండెంటు వైపు చూశాను. ఆ కూర్చోవడం, ఆ మూతి, ఆ చేతులు కట్టుకోవడం నాకు కొత్త కాదు. వాటి ఎదుట నలభై ఏళ్ళుగా నిలబడి ఉన్నాను. ఒక్కసారి కూడా గెలవలేదు.

"చెప్పలేనమ్మా," అన్నాను.

అల్లుడుగారు కింద అమ్మాయిని చూశారు. వ్యానుని చూశారు. ఆ పిల్లని చూశారు. తర్వాత మడిచిన ప్యాంటుతో మెల్లిగా వంగి, ఆయన కూడా ఆ నీళ్ళలో దాని పక్కన కూర్చున్నారు.

కింద కొత్త పాస్టరు పరుపు చుట్ట ఎక్కడ దించాలో తెలియక ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంటున్నాడు. మా ఆవిడ ఒక స్టూలు తెచ్చి, చీర చెంగుతో దుమ్ము దులిపి అతని ముందు వేసింది.

"దించుకో నాయనా, కూర్చో," అంది. "చాలాసేపు పట్టేలా ఉంది."